ఎట్టయపురం పెద్ద పుస్తకం, వాండా గారి పాత వాద్యం

మా కయత్తారులో ఎవరినైనా గట్టిగా తిట్టాలంటే "ఎట్టప్పన్" అంటే చాలు. 1799 అక్టోబరు 16న వీరపాండ్య కట్టబొమ్మన్‌ని ఉరి తీసింది మా ఊళ్ళోనే. అప్పుడు ఎట్టయపురం పాళెగారు కంపెనీ వాళ్ళ పక్షాన ఉన్నాడు. అందుకని తమిళంలో ఆ పేరే ద్రోహికి మారుపేరు అయిపోయింది. ఇక్కడ కట్టబొమ్మన్ విగ్రహం ఉంది. దాన్ని చూస్తూ పెరిగిన నాకు చిన్నప్పటి నుంచి ఎట్టయపురం అంటే చెడ్డ పేరే. భారతియార్ పుట్టిన ఊరు అని చెప్పినప్పుడు మాత్రం కొంచెం మంచిగా అనిపించేది.

పోయిన సంవత్సరం మా తెలుగు అయ్యవారు ఒక మాట చెప్పారు. అదే ఎట్టయపురంలో, అదే అరమన ఆదరణతో, 1904లో ఒక తెలుగు పుస్తకం అచ్చయిందట. దాదాపు 1700 పేజీలు. కర్ణాటక సంగీతం గురించి అంతకన్నా పెద్ద పుస్తకం అంతవరకూ ఎవరూ వెయ్యలేదట. ఊరు తమిళ దేశంలో, పుస్తకం తెలుగులో. నేను నమ్మలేదు. తరువాత ఆయన కొన్ని పేజీలు జెరాక్సు తీసుకొచ్చి నా చేతికిచ్చారు. మీద "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అని ఉంది. రాసినవారు సుబ్బరామ దీక్షితులు. అచ్చువేసింది ఎట్టయపురంలోని విద్యావిలాసినీ ముద్రాక్షరశాల.

ఈ వ్యాసంలో ఆ పుస్తకం ఎంత గొప్పదో చెప్పడం నా ఉద్దేశం కాదు. అది పెద్దవాళ్ళు చాలామంది చెప్పారు. పాత సంగీతాన్ని కాపాడాలంటే పుస్తకం చాలా, మనిషి కావాలా అన్నదే నా ప్రశ్న. దానికి జవాబు వెతకడానికి నాకు దూరదేశపు ఒక విద్వాంసురాలి జీవితం సాయపడింది. ఆమె పేరు వాండా లాండోవ్‌స్కా.

ఆమె సంగతి ఎలా తెలిసిందో చెబుతాను. అయ్యవారు ఒకరోజు ఫోనులో ఒక వాద్యం వినిపించి "ఇదేంటో చెప్పండి" అన్నారు. ఒకడు పియానో అన్నాడు. నేను "వీణలా ఉంది సార్, కాని ఒకేసారి నలుగురు వాయిస్తున్నట్టుంది" అన్నాను. అందరూ నవ్వారు. అయ్యవారు మాత్రం నవ్వలేదు. "సగం కరెక్టే" అన్నారు. అది హార్ప్సికార్డు. చూడటానికి పియానో లాగే మెట్లు ఉంటాయి. కాని పియానోలో మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి తీగను కొడుతుంది. హార్ప్సికార్డులో మెట్టు నొక్కితే పక్షి ఈకతో చేసిన చిన్న ముక్క తీగను మీటుతుంది. మన వీణను గోటితో మీటినట్టే. అందుకే ఆ శబ్దం. మెల్లగా నొక్కినా, గట్టిగా నొక్కినా ధ్వని దాదాపు ఒకటే.

యూరపులో సుమారు 1600 నుంచి 1750 దాకా నడిచిన సంగీతాన్ని బరోక్ అంటారు. జర్మనీలో పుట్టిన బాఖ్ ఆ కాలం చివరివాడు. 1750లో చనిపోయాడు. అప్పటివాళ్ళ ఇళ్ళలో, దర్బారుల్లో హార్ప్సికార్డే ముఖ్యం. తరువాత పియానో వచ్చింది. చిన్నగా, పెద్దగా పలికించవచ్చు కాబట్టి అందరూ అటు వెళ్ళిపోయారు. వంద సంవత్సరాల్లో హార్ప్సికార్డు మూలన పడింది. బాఖ్ పాటలు కూడా పియానో మీదే వాయించడం అలవాటయింది.

వాండా 1879లో పోలండు దేశపు వార్సాలో పుట్టింది. నేర్చుకున్నది పియానో. కాని ఆ పాటలు ఏ వాద్యం కోసం రాశారో ఆ వాద్యం మీదే వినాలి అని ఆమెకు పట్టుదల. 1903లో మొదటిసారి జనం ముందు హార్ప్సికార్డు వాయించింది. పాత పుస్తకాలు వెతికింది, పాత వాద్యాలు సేకరించింది. 1925లో పారిసు దగ్గర సెంట్ లూ అనే ఊళ్ళో బడి పెట్టింది. బాఖ్ 1741లో అచ్చువేయించిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్లు మొత్తం హార్ప్సికార్డు మీద 1933లో రికార్డు చేసింది. అలా మొత్తం రికార్డు చేసినవాళ్ళలో ఆమే మొదటిది. మేము తరగతిలో విన్నది అందులో ముక్కే. 1940లో నాజీ సైన్యం వచ్చినప్పుడు, యూదుల ఇంట పుట్టిన మనిషి కాబట్టి అన్నీ వదిలి పారిపోవలసి వచ్చింది. ఆమె పుస్తకాలు, వాద్యాలు దోచుకుపోయారు. 1941 డిసెంబరులో న్యూయార్కులో దిగింది. 1942లో, అరవై దాటిన వయసులో, ఆ ఊళ్ళో అవే గోల్డ్‌బర్గ్ వేరియేషన్లు వాయించింది. 1959లో చనిపోయేదాకా అమెరికాలోనే ఉంది.

నాకు ఇక్కడ ఒకటి తోచింది. ఆమె సామానంతా పోయింది. కాని పాట పోలేదు, చేతుల్లో ఉంది కాబట్టి. మరి మన ఎట్టయపురంలో జరిగింది దీనికి తిరకాసు. అక్కడ చేతులు పోతాయేమో అన్న భయంతో పాటను కాగితం మీదికి ఎక్కించారు.

ఆ కథ కొంచెం వెనకనుంచి చెప్పాలి. ముత్తుస్వామి దీక్షితులకి బాలస్వామి అని తమ్ముడు. 1786లో పుట్టాడు. మద్రాసు దగ్గర మణలిలో ఉన్నప్పుడు అక్కడి మొదలియారు ఈ అన్నదమ్ములకి కోటలో ఇంగ్లీషువాళ్ళ బ్యాండు వినిపించేవాడు. బాలస్వామికి వయొలిన్ మీద మనసు పడింది. మొదలియారు ఒక యూరపు విద్వాంసుడిని పెట్టి నేర్పించాడు. ఆయన ఆ వాద్యం మీద మన రాగాలు పలికించాడు. ఈరోజు ఏ కచేరీ చూసినా పక్కన వయొలిన్ ఉంటుంది కదా, దాని మొదటి అడుగుల్లో ఇదొకటి. అన్నగారు కూడా ఆ బ్యాండు పాటలు వదల్లేదు. "గాడ్ సేవ్ ది కింగ్" వరసకి కూడా సంస్కృతంలో సాహిత్యం కట్టాడు. అలాంటివాటిని నోటుస్వరాలు అంటారు.

వయొలిన్ వచ్చింది, మరి మెట్ల వాద్యం ఎందుకు రాలేదు? దీనికి కారణం గమకం. మన రాగంలో స్వరం నిలబడి ఉండదు. ఊగుతుంది, జారుతుంది. వయొలిన్ మీద వేలు జరపవచ్చు, వీణ మీద తీగ లాగవచ్చు. మెట్టు నొక్కితే మాత్రం అది ఒక్క స్వరమే పలుకుతుంది. ఇదే కారణంగా 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని పక్కన పెట్టింది. 1971 వరకూ అలాగే ఉంది.

మరి హార్ప్సికార్డు వాళ్ళు ఏం చేశారు? తీగను లాగలేరు కాబట్టి పక్క స్వరాన్ని గబగబా తాకి వెనక్కి వస్తారు. స్వరం ఊగినట్టు చెవికి అనిపిస్తుంది. ఎక్కడ ఎలా తాకాలో చూపించడానికి స్వరాల మీద చిన్న గుర్తులు పెట్టేవారు. ఫ్రాన్సులో కూపరాన్ అనే ఆయన 1713లో అచ్చువేసిన పుస్తకంలో ఆ గుర్తులకు పట్టిక ఇచ్చాడు. బాఖ్ 1720లో తన పెద్దకొడుకు కోసం రాసిన నోటుపుస్తకంలో అలాంటి చిన్న పట్టిక ఉంది. ఆ పిల్లాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఇది చదివినప్పుడు నాకు సుబ్బరామ దీక్షితులు వెంటనే గుర్తుకొచ్చారు.

బాలస్వామి తరువాత ఎట్టయపురం ఆస్థానంలో చేరాడు. అన్న ముత్తుస్వామి దీక్షితులు కూడా ఆ ఊరు వచ్చి 1835లో దీపావళినాడు అక్కడే కన్నుమూశాడు. ఆయన సమాధి ఇప్పటికీ అక్కడ ఉంది. బాలస్వామి తన కూతురి కొడుకునే దత్తత తీసుకున్నాడు. 1839లో పుట్టిన ఆ పిల్లాడే సుబ్బరాముడు. తాతే తండ్రి, తండ్రే గురువు. నేర్చుకుని తానూ ఆ ఆస్థానంలోనే విద్వాంసుడయ్యాడు. ఆయన దగ్గర ఉన్నదంతా ఇంటి సొత్తు. నోటితో నేర్చుకున్నది, బయటివాళ్ళకి సులువుగా ఇవ్వనిది.

దాన్ని బయటికి తెప్పించినవాడు చిన్నస్వామి మొదలియారు. ఆయన మద్రాసులో సర్కారు ఉద్యోగి, క్రైస్తవుడు. మన కృతుల్ని ఇంగ్లీషు నొటేషనులో రాసి అచ్చువెయ్యాలని 1890ల్లో మొదలుపెట్టాడు. కష్టపడి, నష్టపడి, చివరికి చూపు కూడా పాడైంది. అప్పుడు ఎట్టయపురం రాజాగారిని ప్రాధేయపడ్డాడు, మీ విద్వాంసుడి చేత ఇదంతా రాయించి అచ్చువేయించండి అని. రాజాగారు ఒప్పుకున్నారు. దీక్షితులు అరవై దాటిన వయసులో ఆ పని పూర్తి చేశారు. 1904లో పుస్తకం వచ్చింది. 1905లో చిన్నపిల్లలకోసం ప్రథమాభ్యాస పుస్తకం కూడా వేశారు. 1906లో చనిపోయారు. అంటే చివరి నిమిషంలో పట్టుకున్నట్టే. రెండేళ్ళు ఆలస్యమైతే ఏమయ్యేదో.

ఇప్పుడు పుస్తకం సంగతి. అందులో 72 మేళాలు వరసగా ఉన్నాయి. ప్రతి రాగానికి లక్షణం, గీతం, కృతులు, సంచారి వస్తాయి. ముత్తుస్వామి దీక్షితుల కృతులే 229 ఉన్నాయి. పాత వాగ్గేయకారుల చరిత్రలు ఉన్నాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది గమకాల గుర్తుల పట్టిక. కంపితానికి అలలాంటి గీత. జారు పైకి పోతే పైకి వాలిన గీత, కిందికి వస్తే కిందికి వాలిన గీత. సరిగ్గా కూపరాన్ చేసినట్టే. దీక్షితులు ఆ ఫ్రెంచి పుస్తకం చూసి చేశారని నేను అనటంలేదు. ఇద్దరికీ ఒకే కష్టం వచ్చింది, ఒకేలాంటి ఉపాయం తోచింది. ఇంకొక సంగతి. ఆ గమకాల పేర్లలో కంపితం, స్ఫురితం లాంటి సంస్కృతం పేర్లు ఉన్నాయి, నొక్కు అనే మన మాట ఉంది, ఏట్రజారు, ఇఱక్కజారు అనే తమిళం పేర్లూ ఉన్నాయి. ఏట్రం అంటే ఎక్కడం, ఇఱక్కం అంటే దిగడం అని మాకందరికీ తెలుసు. మేము ఇంట్లో మాట్లాడే తెలుగు కూడా అలాగే ఉంటుంది. "మీది కలగాపులగం తెలుగు" అని మమ్మల్ని వెక్కిరించేవాళ్ళకి ఈ పేజీ చూపించాలనిపించింది.

పొగిడింది చాలు. పుస్తకంలో లోపాలు కూడా చెప్పాలి. మొదటిది, ఇది అన్ని ఇళ్ళనూ ఒకేలా చూసిన పుస్తకం కాదు. దీక్షితుల ఇంటి పాటలకి ఉన్న చోటు త్యాగరాజు గారి పాటలకి లేదు. రెండవది, పేర్ల ఇబ్బంది. ఇందులో మేళాలు వెంకటమఖి పద్ధతిలో ఉన్నాయి. 22వ మేళం ఈ పుస్తకంలో శ్రీరాగం. ఇప్పుడు నేర్చుకునే పిల్లలకి అది ఖరహరప్రియ. మొదటి మేళం ఇందులో కనకాంబరి, ఇప్పుడు కనకాంగి. కొత్తగా చదివేవాడు తికమకపడతాడు. మూడవది, ఎన్ని గుర్తులు పెట్టినా అల ఎంత పెద్దగా ఊగాలో గీత చెప్పదు. ఈరోజు కచేరీల్లో వినే కొన్ని కృతులు పుస్తకంలో ఉన్నట్టు లేకపోవడానికి ఇదొక కారణం అనుకుంటాను.

వాండా గారిలో లోపం లేదా అంటే ఉంది. ఆమె వాయించింది పాత వాద్యం కాదు. 1912లో ప్లెయెల్ అనే పియానో కంపెనీ ఆమె కోసం చేసిన కొత్తది. పియానోలాగా బరువుగా, కాళ్ళతో తొక్కే పెడళ్ళతో ఉండేది. బాఖ్ చూస్తే ఇదేం వాద్యం అని అడిగేవాడేమో. తరువాత తరంలో హాలండుకు చెందిన గుస్తావ్ లేఓన్‌హార్ట్ లాంటివాళ్ళు పాత వాద్యాలను, వాటిని చూసి అలాగే చేసిన నకళ్ళను వాయించారు. ఆ నాజూకు చూశాక వాండా వాద్యం మోటుగా ఉంది అన్నారు. నిజమే కావచ్చు. కాని ఆమె ముందు తప్పుగానైనా వాయించకపోతే, తరువాతివాళ్ళకి సరిదిద్దడానికి ఏమి ఉండేది? ఆమె పాటను గాలిలో పెట్టింది. వినేవాళ్ళు వచ్చారు, నేర్చుకునేవాళ్ళు వచ్చారు, చివరికి తప్పు పట్టేవాళ్ళూ వచ్చారు.

దీక్షితుల పుస్తకానికి అలాంటి చేతులు దొరికాయా? దొరికాయి, కాని కొన్నే. ఆయన కొడుకు అంబి దీక్షితులు మద్రాసు వెళ్ళి నేర్పించారు. డి.కె. పట్టమ్మాళ్ గారు ఆయన దగ్గర నేర్చుకున్నవారే. 1961 నుంచి మద్రాసు మ్యూజిక్ అకాడెమీ ఈ పుస్తకాన్ని తమిళ లిపిలో సంపుటాలుగా వేసింది. చాలా మంచి పని. దానివల్లే ఇక్కడివాళ్ళు ఎంతోమంది చదవగలుగుతున్నారు. కాని దానివల్ల ఒక విచిత్రం కూడా జరిగింది. పాడగలిగినవాళ్ళకి మూలం అక్షరాలు రావు. అక్షరాలు వచ్చిన మాలాంటివాళ్ళకి పాట రాదు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు, చేసి చూశాను. మా వీధిలో ఒక అక్క కోవిల్‌పట్టి వెళ్ళి వయొలిన్ నేర్చుకుంటుంది. ఇంట్లో వాళ్ళదీ తెలుగే, కాని బడి అంతా తమిళం. నా జెరాక్సు చూపించి మాయామాళవగౌళలో ఒక గీతం వాయించమన్నాను. "నాకు ఈ ఎళుత్తు రాదే, నువ్వు చదువు" అంది. నేను స్వరాలు ఒక్కొక్కటే చదివాను. ఒక స్వరం మీద గీత ఉంది అన్నాను. "ఎట్లాంటి గీత?" అంది. అల లాగా అన్నాను. ఊపింది. రెండు వరసలకి అరగంట పట్టింది. నడుమ రెండుసార్లు నేను దీర్ఘం వదిలేశాను, తాళం తప్పింది. మూడోసారి సరిగ్గా వచ్చింది. నాకు సంగీతం రాదు కాబట్టి బాగుందో లేదో చెప్పలేను. కాని వంద సంవత్సరాలకు ముందు సుమారు ఇరవై మైళ్ళ దూరంలో ఒక ముసలాయన రాసిపెట్టింది మా వీధిలో వినబడింది. అది మాత్రం చెప్పగలను.

మా అవ్వ తిన్నెమీద కూర్చుని వింటూ "ఏంది కన్నా ఇది, పాటా కతా?" అంది. పుస్తకంలో కతలు కూడా ఉన్నాయని బాలస్వామి చరిత్ర చదివి వినిపించాను. పాత తెలుగు, నాకే కొన్ని మాటలు తెలియలేదు. అవ్వకి అక్షరం రాదు, కాని నాకు తెలియని రెండు మాటలకి ఆమే అర్థం చెప్పింది. చివరన "ఎట్టయపురంవాళ్ళు ఇంత మంచిపని చేసినారా" అంది. మా ఊరి మనిషి నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

అందుకని నా ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇది. పుస్తకం ఒక్కటే చాలదు, చేతులు ఒక్కటే చాలవు. వాండాకి పాత పుస్తకాలు చదవడం వచ్చు, వాయించడమూ వచ్చు. రెండూ ఒక్క మనిషిలో ఉన్నాయి కాబట్టి ఆ పని జరిగింది. సుబ్బరామ దీక్షితులలో కూడా రెండూ ఉన్నాయి కాబట్టే పుస్తకం వచ్చింది. ఇప్పుడు మన పక్కన ఆ రెండూ విడిపోయి ఉన్నాయి. భారతియార్ కూడా అర్థం తెలియకుండా పాటలు పాడటాన్ని తప్పుపట్టారని అయ్యవారు చెప్పారు. పాడేవాళ్ళకి అర్థం చెప్పగలిగినవాళ్ళు ఉండాలి కదా.

మా తెలుగు తరగతిలో ఇప్పుడు పదకొండు మందిమి. నా చెల్లెలిని తమిళ బడిలో చేర్చారు. మా నాయనను నేను తప్పు పట్టను, ఆయన కారణాలు ఆయనకున్నాయి. కాని ఈ సెలవుల్లో ఆమెకి తెలుగు అక్షరాలు నేర్పిస్తున్నాను. ఇప్పటికి 'ఱ' దాకా వచ్చింది. "ఈ అక్షరం ఎక్కడ వస్తుంది?" అని అడిగింది. పెద్ద పుస్తకం జెరాక్సు తీసి, ఇఱక్కజారు చూపించాను.